విషలిపుల భాండాగారము

గత శతాబ్దపు తొంబదుల తొలినాళ్ళలో, నల్లని తెరపై తెల్లని అక్షరములు మాత్రమే మెరయు డాస్ కంప్యూటరుల కాలమున, జనవరి 15నాడో, ఏప్రిల్ 15నాడో, లేక మనము జెండా ఎగురవేసికొను ఆగస్టు 15నాడో కంప్యూటరును తెరచి పనికి కూర్చున్న ఉద్యోగికి కొన్నిచోట్ల తన ఫైళ్ళ పట్టికకు మారుగా జూదపు యంత్ర మొకటి తెరపై ప్రత్యక్షమయ్యెడిది. నీ డిస్కులో ఏ ఫైలు ఎక్కడ నున్నదో తెలుపు పట్టికను ఇప్పుడే నాశనము చేసితిననియు, అయినను దాని ప్రతి యొకటి తన వద్ద భద్రముగా నున్నదనియు, ఐదు పందెములలో గెలిచినచో తిరిగి యిచ్చెదననియు, భయపడి కంప్యూటరును ఆపివేసినచో సర్వమును శాశ్వతముగా పోవుననియు అది ప్రకటించెడిది. మాల్టా ద్వీపపు జ్ఞాపిక యని తన్ను తాను చెప్పుకొన్న ఆ వైరస్ పేరు కెసీనో. గెలిచినవాని పట్టికను అది నిజముగనే తిరిగి యిచ్చెడిది. ఆడిన మాట తప్పని దొంగలు అప్పుడు ఉండిరి కాబోలు.

ఆ జూదమును నేడు ఎవరైనను తమ యింట కూర్చుండి, ఏ హానియు లేకుండ ఆడి చూడవచ్చును. శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రముగా పనిచేయు ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2016 ఫిబ్రవరిలో మాల్వేర్ మ్యూజియము అను పేర ఒక ప్రదర్శనశాలను అంతర్జాలమున తెరచెను. ఫిన్లాండు దేశీయుడును, చిరకాలము ఈ వైరస్‌లను వేటాడినవాడును అగు మిక్కో హిప్పోనెన్ ఎనుబది, తొంబది దశకముల నాటి వానిని ఏరి యియ్యగా, ఆర్కైవ్‌కు చెందిన జేసన్ స్కాట్ వానిని బ్రౌజరులోనే పాత డాస్ యంత్రమును అనుకరించు ప్రోగ్రామునందు నిలిపెను. విధ్వంసము చేయు భాగములను తొలగించి, తెరపైని విన్యాసమును మాత్రము మిగిల్చిరి. కాస్కేడ్ అను వైరస్ ప్రభావమున తెరపైని అక్షరములు ఒక్కొక్కటిగా రాలి అడుగున కుప్పపడును. మరియొక దానిలో అక్షరములతోనే చిత్రించిన అంబులెన్సు బండి సైరను మ్రోయించుచు తెర అడుగున ఒక కొననుండి మరియొక కొనకు పోవును. చూచిన పిల్లలు నవ్వుదురు. ఆ కాలమున కంప్యూటరులపై పనిచేసినవారు నవ్వరు.

ఇది ప్రదర్శనశాల. కోరలు పీకిన వైరస్ చరిత్రను చెప్పగలదే గాని విద్యను నేర్పజాలదు. ఈ వ్యాసమునకు వస్తువు వేరొక జాతి భాండాగారములు. వైరస్ అనియు, వర్మ్ అనియు, ట్రోజన్ అనియు, రాన్సమ్‌వేర్ అనియు ఎన్ని పేరులున్నను నేడు మాల్వేర్ అని ఒక్క పేర పిలువబడుచున్న హానికర ప్రోగ్రాములను, ఏ తొలగింపులును లేక, యథాతథముగా, ప్రాణముతో లక్షలకొలదిగా కూడబెట్టి, అడిగినవారికి దింపుకొన నిచ్చు చోటులు అంతర్జాలమున కొన్ని కలవు. మొదటిసారి వినువానికి ఇది వింతగను, కొంత భయంకరముగను తోచుట సహజమే. అవి ఉండదగినవనియు, మన కళాశాలలలో ఈ విద్యను బోధించువారు వానిని వెలియుంచుట తగదనియు నా యభిప్రాయము.

హేతువు వెదకుటకు 1983 వరకు వెనుకకు పోవలెను. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా నున్న ఫ్రెడ్ కోహెన్ ఎనిమిది గంటల శ్రమతో చిన్న ప్రోగ్రాము నొకదానిని వ్రాసి, యూనిక్స్ నడచుచున్న వ్యాక్స్ యంత్రముపై, అనుమతి పొందియే, ప్రయోగించెను. తన ప్రతులను ఇతర ప్రోగ్రాములలో చొప్పించుచు పోయిన ఆ సృష్టి ప్రతి ప్రయోగములోను గంట తిరుగకుండ యంత్రముపై సర్వాధికారమును చేజిక్కించుకొనెను. ఒకసారి ఐదు నిమిషములైనను పట్టలేదు. దానికి వైరస్ అను పేరు సూచించినవాడు ఆయన గురువు లెన్ ఏడెల్మన్. ఫలితములు తెలియగనే ఆ యంత్రపు అధికారులు రక్షణోపాయమును వెదకలేదు. ఇకమీదట అక్కడ ఇట్టి ప్రయోగములు జరుగరాదని నిషేధించిరి. ఈ విద్య పుట్టిననాడే దాని నిషేధమును పుట్టినదన్నమాట. కోహెన్ 1984 నాటి వ్యాసములో మరింత గంభీరమైన విషయ మొకటి నిరూపించెను: ఎదుట నున్న ప్రోగ్రాము వైరస్ అగునో కాదో అన్ని సందర్భములలోను పొరపాటు లేక తేల్చి చెప్పగల విధానము ఏదియు ఉండజాలదు. ఇది గణితము చెప్పిన తీర్పు; ఎంత ధనము వెచ్చించినను మారునది కాదు. అన్నిటికిని వర్తించు లక్షణ మొకటి దొరకనప్పుడు, ఇదివరకు వచ్చినవానిని భద్రపరచి, ఒక్కొక్కదానిని విప్పి చూచి, ఆ పరిచయముతో రాబోవువానిని గుర్తించుట నేర్చుకొనుట తప్ప వేరు మార్గము లేదు. భాండాగారముల యవసరము ఈ సిద్ధాంతమునందే బీజరూపమున నున్నది.

అయినను మొదటి భాండాగారములను పండితులు స్థాపింపలేదు. 1990 నవంబరులో బల్గేరియా రాజధాని సోఫియాలో తొదోర్ తొదొరొవ్ అను యువకుడు, టెలిఫోను తీగ ద్వారా కంప్యూటరును కలుపుకొని చేరదగిన బులెటిన్ బోర్డు నొకదానిని తెరచెను. అందు ప్రవేశమునకు రుసుము డబ్బు కాదు, మరియొక వైరస్. కొత్తదాని నొకటి తెచ్చి యిచ్చినవాడు ఉన్నవానిని తీసికొని పోవచ్చును. కంప్యూటరులను పెద్దయెత్తున తయారుచేయించి, యువకులకు వానిని గూర్చి చదువు చెప్పించి, ఆ చదువునకు తగిన పని మాత్రము చూపలేకపోయిన దేశమున ప్రతిభ ఆ దారి పట్టినది. అదే నగరమున వెసెలిన్ బొంచెవ్ అను మరియొక యువకుడు, అదే ప్రతిభతో, ఆ వైరస్‌లను పోగుచేసి విడదీయుచుండెను. బల్గేరియాలోను సోవియట్ దేశములోను నడచుచున్న వైరస్ కర్మాగారములను గూర్చి 1991లో అతడు వ్రాసిన వ్యాసము నేటికిని చదువదగినది.

ఇదంతయు చూచి కలతచెందిన యాంటీవైరస్ నిపుణులు తమలో తాము ఒక కట్టుబాటు చేసికొనిరి. 1990లో ఏర్పడిన కారో వంటి గోష్ఠులలో నమ్మకస్థుడు నమ్మకస్థునికి మాత్రమే నమూనా నిచ్చెడివాడు. బయటివాడు అడిగినచో, విద్యార్థియే యైనను, అతని ఉద్దేశమును శంకించెడివారు. ఆ జాగ్రత్తలో ధర్మము లేకపోలేదు గాని, ఫలితము మాత్రము విపరీతముగా పరిణమించెను. వైరస్ వ్రాయదలచిన కుర్రవానికి సోఫియాలో నమూనాలు కొల్లలుగా దొరకెను. దానిని ఆపుట నేర్వదలచినవానికి దొరకలేదు.

మశూచి సూక్ష్మజీవిని ప్రపంచమున రెండే చోటుల, అమెరికాలోని అట్లాంటాలోను, సైబీరియాలోని కోల్త్సొవోలోను బంధించి యుంచినారు గదా, దీనినేల అట్లు బంధింపరాదని ఎవరైనను అడుగవచ్చును. మశూచి 1980 నాటికి ప్రజలనుండి నిర్మూలితమైనది. మిగిలినది ఆ రెండు పెట్టెలలోనిదే గనుక తాళమునకు అర్థమున్నది. మాల్వేర్ అట్టిది కాదు. అది పుట్టినదే వీథిలో. ఎవని కంప్యూటరును పట్టినదో వానివద్ద దాని ప్రతి యొకటి అప్పటికే యున్నది. ప్రతికిని మూలమునకును వెంట్రుకవాసి భేదమైనను లేదు. 2000 మేలో ఫిలిప్పీన్స్‌నుండి బయలుదేరి ప్రపంచమును చుట్టిన ఐలవ్‌యూ వర్మ్ విజువల్ బేసిక్ స్క్రిప్టులో వ్రాయబడినందున, అది చేరిన ప్రతివాని చేతికిని దాని మూలపాఠమే చేరెను. తెరచి, చదివి, నాలుగు మాటలు మార్చి మరల వదలుట ఎవని కైనను సాధ్యమయ్యెను, పలువురు వదలిరి కూడ. ఇట్టిదానిని పండితుల పెట్టెలో పెట్టి తాళము వేసిన యెడల ఆ తాళము ఎవరిని ఆపును?

ఈ సంగతి గ్రహించిన తరువాత వచ్చినవే నేటి బహిరంగ భాండాగారములు. స్పెయిను దేశమున మాలగా నగరములో 2004లో ఒక చిన్న సంస్థ ప్రారంభించిన వైరస్‌టోటల్‌ను 2012లో గూగుల్ కొనెను. అనుమానాస్పదమైన ఫైలును ఎవరైనను అందు సమర్పించినచో, డెబ్బదికి పైబడిన యాంటీవైరస్‌లు దానిని గూర్చి ఏమనుచున్నవో క్షణములలో తెలియును, ఆ ఫైలు అక్కడ నిలిచిపోవును. అన్నియు నిలువలేదు; ఉక్రెయిన్‌లో నడచిన వీఎక్స్ హెవెన్ అను పాత సంచయమును 2012 మార్చిలో పోలీసులు పట్టుకొని మూయించిరి. గిట్‌హబ్‌లో 2014నుండి ద జూ అను పేర ఏరి కూర్చిన నమూనాలు విద్యార్థుల కొరకే ఉన్నవి. స్విట్జర్లాండునకు చెందిన అబ్యూజ్ డాట్ సీహెచ్ వారు 2020లో మాల్వేర్ బజార్‌ను తెరచి, ఎవరు తెచ్చిన నమూనానైనను స్వీకరించుచు, ఎవరికైనను ఉచితముగా నిచ్చుచున్నారు. కళాపిపాసకులును ఊరకుండలేదు: ఆరు ప్రసిద్ధ మాల్వేర్‌లను ఎక్కించిన పాత ల్యాప్‌టాప్ ఒకటి 2019లో కళాఖండముగా వేలమునకు వచ్చి పదమూడు లక్షల డాలర్లకు పైగా పలికెను. అదే సరుకు పైని చోటుల ఊరకే దొరకుచుండగా దానికా ధర పెట్టినవాని రసికతను మెచ్చుకొనవలసినదే.

విద్యాలయములలో ఈ విషయమై జరిగిన వివాదములలో కాల్గరీ వివాదము ప్రసిద్ధము. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయము 2003లో, నాలుగవ సంవత్సరపు విద్యార్థులకు కంప్యూటరు వైరస్‌లను గూర్చిన పాఠ్యక్రమ మొకటి ప్రకటించెను; ఆచార్యుడు జాన్ ఏకాక్. విద్యార్థులు వైరస్‌లను చదువుటయేకాక స్వయముగా వ్రాయవలసియుండుననియు అందు చెప్పబడియుండెను. యాంటీవైరస్ సంస్థలు మండిపడినవి. అక్కడ చదివినవారికి ఉద్యోగము లియ్యమని సహితము అన్నవారు కలరు. విశ్వవిద్యాలయము వెనుకకు తగ్గలేదు. బయటి నెట్‌వర్కుతో సంబంధము లేని ప్రత్యేక ప్రయోగశాల నొకదానిని కట్టించి, విద్యార్థులను ఏరి చేర్చుకొని, పాఠములలో నీతిని, న్యాయశాస్త్రమును గూడ చేర్చి నడిపెను. ఏకాక్ 2006లో ఆ పాఠములను పుస్తకముగా తెచ్చెను. వ్రాయించుట యవసరమా యను విషయమున నాకు సంశయమున్నది. ఉన్నదానిని విప్పి చదువుటలోనే విద్యార్థికి కావలసిన పని సమృద్ధిగా నున్నదని తలతును. కాని చదువుటకైనను ఎదుట నమూనా ఉండవలెను గదా!

ఆ చదువు ఎట్లు సాగునో కొంత దగ్గరనుండి చూతము. ప్రథమ పాఠమునకు నిజమైన మాల్వేర్ అక్కరలేదు. యూరపులోని ఐకార్ సంస్థ వారు కల్పించిన 68 అక్షరముల వాక్య మొకటి కలదు. దానిని నోట్‌ప్యాడ్‌లో వ్రాసి దాచుకొన్నచో యాంటీవైరస్‌లన్నియు ముందుగా చేసికొన్న ఒడంబడిక ననుసరించి వైరస్ వైరస్ అని కేకలు వేయును, హాని యేమియు జరుగదు. అది గంట మ్రోగుచున్నదా లేదా అని చూచుటకు. తరువాత వర్చువల్ మెషీన్, అనగా కంప్యూటరులోపల కంప్యూటరువలె నడచు ప్రోగ్రామును సిద్ధముచేసి, దానికి బయటి నెట్‌వర్కును తెంచి, అసలు యంత్రముతో పంచుకొను ఫోల్డరులను మూసి, ఆ నిర్మల స్థితిని స్నాప్‌షాట్‌గా భద్రపరతురు. పని ముగియగనే ఒక్క నొక్కుతో మరల ఆ స్థితికి రావచ్చును. మాల్వేర్ బయటివారితో మాటలాడ యత్నించినచో నేమి చెప్పునో వినుటకు, అంతర్జాలమువలె నటించు మరియొక వర్చువల్ మెషీన్‌ను ప్రక్కన నిలుపుదురు.

భాండాగారమునుండి వచ్చు నమూనా జిప్ ఫైలుగా, తాళముతో వచ్చును. ఆ తాళపు మాట రహస్యము కాదు. లోకమంతట ఈ వృత్తిలో నున్నవారు వాడునది ఒక్కటే: ఇన్‌ఫెక్టెడ్. అందరికిని తెలిసిన తాళము తాళమెట్లగు నని శంకింపవచ్చును. అది దొంగను ఆపుటకు కాదు. పొరబాటున ఎవని వ్రేలో తగిలి ఫైలు నడువకుండుటకును, దారిలోని యాంటీవైరస్ దానిని తుడిచివేయకుండుటకును మాత్రమే. విప్పిన వెంటనే విద్యార్థి చేయవలసిన మొదటిపని దానికి హ్యాష్ కట్టుట. ఫైలు ఎంత పెద్దదైనను, షా-256 అను గణనము దానిని 64 అక్షరముల ముద్రగా మార్చును. ఫైలులో ఒక్క బిట్టు మారినను ముద్ర యంతయు మారిపోవును. ఆ ముద్రయే భాండాగారమునందలి క్రమసంఖ్య, ఆ ముద్రతోనే ప్రపంచమున ఇతరులు ఇదే ఫైలును చూచిరో లేదో వెదకుట. పిదప, నడుపకయే, ఫైలును హెక్స్ ఎడిటరులో తెరచినచో మొట్టమొదట ఎం, జెడ్ అను రెండక్షరములు కనబడును. విండోస్ ప్రోగ్రాము లన్నిటికిని శిరస్సున నుండు ఆ అక్షరములు మైక్రోసాఫ్ట్‌లో ఆ రూపమును నిర్మించిన మార్క్ జ్బికోవ్‌స్కీ పొడియక్షరములు. మంచి ప్రోగ్రామైనను చెడ్డదైనను ఆయన సంతకము క్రిందనే నడచుచున్నది.

2012లో సికోర్‌స్కీ, హోనిగ్ అను ఇద్దరు వ్రాసిన ప్రాక్టికల్ మాల్వేర్ అనాలిసిస్ అను గ్రంథముతో పాటు అభ్యాసము కొరకు వారే కల్పించిన నమూనాలు లభించును. ఈ విద్య నేర్చినవారిలో పలువురు వానితో మొదలుపెట్టినవారే. అవి గురువు కూర్చిన లెక్కలు గనుక వానికి సమాధానము ముందే సిద్ధముగా నుండును. వీథిలో దొరకిన నమూనాకు అది ఉండదు. వ్రాసినవాడు బోధింప దలపలేదు, దాచ దలచెను. ఆ దాపరికమును ఎదుర్కొనుటయే అసలు విద్య.

2017 మే 12న ప్రపంచమును వణికించిన, ఫైళ్ళకు తాళమువేసి సొమ్ము కోరు రాన్సమ్‌వేర్ వానాక్రై దీనికి ఉత్తమోదాహరణము. మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే సవరణ నిచ్చిన లోపము గుండ అది ప్రవేశించి, దాదాపు 150 దేశములలో కంప్యూటరులను పట్టి, ఇంగ్లండులోని పలు ప్రభుత్వ వైద్యశాలలను స్తంభింపజేసెను. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుశాఖ కంప్యూటరులు కొన్నియు దాని వాత పడెను. నేడు ఆ నమూనాను విద్యార్థి తెరచి, అందలి చదువదగిన మాటలను మాత్రము పోగుచేసినచో, అర్థరహితమైన అక్షరముల పేలికవంటి చిరునామా యొకటి కనబడును. ఆనాడు మార్కస్ హచిన్స్ అను ఇరువదిరెండేండ్ల ఇంగ్లండు యువకుడు, చేజిక్కిన నమూనాను తన ప్రయోగశాలలో నడిపి, అది పదేపదే ఆ చిరునామాను వెదకుట చూచి, అది ఎవరి పేరను నమోదు కాకుండుట గమనించి, పది డాలర్లకు కొంచెము మించిన మూల్యముతో దానిని తన పేర వ్రాయించుకొనెను. ఆ చిరునామా బదులు పలికినచో పని మానవలెనని ఆ మాల్వేర్‌కు కట్టడి యున్నట్లు అతడు ముందుగా నెరుగడు. వ్యాప్తి ఆగిన పిమ్మటనే తెలిసినది. నమూనా అతనికి అందకుండినచో ఏమయ్యెడిది?

మరికొంత లోనికి పోయినచో, మాల్వేర్ తనలో దాచుకొన్న పేటిక యొకటియు, దానిని విప్పు సంకేతపదమును దొరకును. ఆ సంకేతపదములో 2017 అను సంవత్సరమును, సున్నకును ఒకటికిని మారుగా ఓ, ఎల్ అను ఇంగ్లీషు అక్షరములు చేర్చి వ్రాసినాడు. అంతటి విధ్వంసకుడును తాళమునకు మన పిల్లలు పెట్టు పాస్‌వర్డువంటిదే పెట్టినాడు. పేటికలో 28 భాషల బెదరింపు లేఖలున్నవి: 300 డాలర్లు బిట్‌కాయినుగా నిమ్ము, మూడు దినములు దాటినచో రెట్టింపగును, ఏడు దినములు దాటినచో ఫైళ్ళపై ఆశ వదలుకొనుము. లాట్వియా భాష యున్నది, ఫిలిపినో యున్నది; భారతీయ భాష యొక్కటియు లేదు. ఇంగ్లీషు, చైనా భాషల లేఖలే మనుష్యుడు వ్రాసినవనియు, తక్కినవి గూగుల్ యంత్రానువాదములను పోలియున్నవనియు భాషాపరీక్ష చేసినవారు తేల్చిరి.

అసలు విశేషము ఆ తరువాతిది. మే 15న గూగుల్ పరిశోధకుడు నీల్ మెహతా ఒక చిన్న ప్రకటన చేసెను. దానిలో రెండు హ్యాష్‌లు, ఆయా ఫైళ్ళలో చూడవలసిన స్థానములు మాత్రమే యుండెను. ఒకటి 2017 ఫిబ్రవరి నాటి వానాక్రై తొలిరూపము. రెండవది 2015 ఫిబ్రవరి నాటి, ఉత్తర కొరియాకు చెందినదని చెప్పబడు లాజరస్ ముఠా నమూనా. ఆ రెండు స్థానములలోను కోడ్ ఒక్కటే. బ్రౌను దొర వేమన పద్యముల తాళపత్ర ప్రతులను నానాదిక్కులనుండి తెప్పించి, పాఠాంతరములను ఎదురెదురుగా పెట్టి పోల్చిన రీతిగనే ఈ పని జరుగును: ఇతరుల కెవరికిని అలవాటు లేని వింత ప్రయోగ మొకటి రెండు ప్రతులలో కనబడినచో వానికి మాతృక యొక్కటే యని పరిష్కర్త ఊహించును. అదే సంవత్సరము డిసెంబరులో అమెరికా ప్రభుత్వము బహిరంగముగా ఉత్తర కొరియాను దోషిగా పేర్కొనెను. ఆ నిర్ణయమునకు ఇతర సాక్ష్యములును ఉండియుండును గాని, మూడు దినములలో లోకమునకు దారి చూపినది రెండేండ్లనాటి పాత ఫైలు. ఎవరో దానిని దాచియుంచిరి గనుక అది పోల్చుటకు దొరకినది. విద్యార్థికి ఈ రెండు ఫైళ్ళను ఇచ్చి, ఘిద్రా అను ఉచిత సాధనముతో తెరపించి, ఆ స్థానములను స్వయముగా చూడుమనుటకన్న మంచి పాఠము నాకు తోచదు. ఆ సాధనమును 2019లో ఉచితముగా విడుదల చేసినది అమెరికా గూఢచార సంస్థయగు ఎన్ఎస్ఏ. వానాక్రై చొరబడిన మార్గమును తొలుత కనిపెట్టి దాచుకొన్నదియు ఆ సంస్థయే యని ప్రసిద్ధి.

మన దేశపు ఉదాహరణము గూడ ఒకటి కలదు. 2019 అక్టోబరు 28న డీట్రాక్ అను గూఢచారి మాల్వేర్ నమూనా యొకటి వైరస్‌టోటల్‌లో వెలువడెను. దానిని చదివిన పరిశోధకులకు, ఆ కోడ్‌లోనే కూడంకుళం అణువిద్యుత్ కేంద్రమునకు సంబంధించిన వివరములు వ్రాయబడియుండుట కనబడెను. మరునాడు ఆ విద్యుత్ కేంద్రమువారు అట్టి దాడికి అవకాశమే లేదని ప్రకటించిరి. ఆ మరునాడు, అక్టోబరు 30న, ఆ కేంద్రమును నడుపు అణువిద్యుత్ సంస్థ తమ కంప్యూటరులో మాల్వేర్ కనబడుట నిజమేననియు, ప్రభుత్వపు కంప్యూటరు భద్రతా సంస్థయగు సెర్ట్-ఇన్ సెప్టెంబరు 4ననే ఆ సంగతి తెలిపినదనియు, అది పరిపాలన వ్యవహారములకై అంతర్జాలమునకు కలిపిన కంప్యూటరే గాని కేంద్రమును నడుపు వ్యవస్థతో దానికి సంబంధము లేదనియు ఒప్పుకొనెను. అందరికిని తెరచియున్న చోట ఒక ఫైలు చేరుటచేత, ప్రజలకు దాదాపు రెండు నెలలుగా తెలియని విషయము రెండు దినములలో తెలిసినది.

ఇంతమాత్రమున ఈ భాండాగారములు నిరపాయములని నే ననను. 2016 సెప్టెంబరు చివర మిరాయి అను బాట్‌నెట్, అనగా పట్టుబడిన యంత్రముల సేన, కర్త దాని మూలపాఠమును తానే వెల్లడిచేసెను. అది గిట్‌హబ్‌లో పరిశోధనార్థమను పేర నిలిచినది. అక్టోబరు 21న మిరాయి బలముతో అంతర్జాలపు చిరునామాలకు దారి చూపు డిన్ అను సంస్థపై జరిగిన దాడిలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటలకొలది అందకుండెను. ఆ మూలపాఠమునుండి పుట్టిన సంతతి నేటికిని తెగలేదు. చదువరులకన్న ముందుగా దొంగలే దానిని చదివి రనుటలో అసత్యము లేదు. కాని ఏ తలుపును మూయవలెనో తెలుపునదియు ఆ పాఠమే: అందు కెమెరాలకు, రౌటర్లకు కర్మాగారమునందే పెట్టు అరువదికి పైబడిన యూజర్‌నేమ్, పాస్‌వర్డు జతల పట్టిక యున్నది; అడ్మిన్, అడ్మిన్ అనునది అందొకటి. ఆ పట్టికయే లోకమున లక్షల యంత్రముల తలుపు తెరచెను. రెండవ ప్రమాదము ఎక్కువమంది గమనింపనిది: కార్యాలయమున వచ్చిన అనుమానాస్పదమైన ఫైలును, అది తమ సంస్థ ఆంతరంగిక పత్రమే యని చూచుకొనక, ఆత్రముతో వైరస్‌టోటల్‌లో వేయుదురు, చందాదారులగు ఇతరులు దానిని దింపుకొనవచ్చునని వారికి తెలియదు. అట్టి సందర్భమున హ్యాష్‌ను మాత్రము వెదకిన చాలును, ఫైలును ఇయ్యనక్కరలేదు.

మన చట్టము ఈ చదువునకు అడ్డు కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టపు 43వ విభాగము, యజమాని అనుమతి లేకుండ ఇతరుల కంప్యూటరులో వైరస్‌ను ప్రవేశపెట్టుటను తప్పుగా నెంచుచున్నది. అదే పని మోసపుబుద్ధితో చేసినచో 66వ విభాగము క్రింద మూడేండ్ల వరకు కారాగారము, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును పడవచ్చును. తన యంత్రమున, గోడల నడుమ, నమూనాను విప్పి చదువువాడు ఇందులోనికి రాడు. అయినను రెండు తెలుగు రాష్ట్రములలోను సైబర్ సెక్యూరిటీ పేర బీటెక్ శాఖలు తెరచిన కళాశాలలు అనేకములలో ఈ విషయము పాఠ్యపుస్తకపు నిర్వచనముల దగ్గరనే ఆగిపోవుచున్నది. వైరస్‌నకును వర్మ్‌నకును గల భేదమును ఐదు మార్కులకు వ్రాసిన విద్యార్థి ఒక్క నమూనాకైనను హ్యాష్ కట్టి చూచియుండడు. నెట్‌వర్కు తెంచిన పాత కంప్యూటరులు నాలుగును, జాగ్రత్త తెలిసిన అధ్యాపకు డొకడును ఉన్న గదిలో ఇది సాధ్యము. వ్యయమునకన్న భయమే ఎక్కువగా అడ్డుపడుచున్నది.

అంతకన్న చింతింపవలసిన విషయ మొకటి కలదు. మన విద్యార్థి ఎప్పుడైనను నమూనా తెరచినచో అది రష్యా ముఠా రాన్సమ్‌వేర్ అగును గాని, తన మేనమామ ఖాతాను ఊడ్చిన ఏపీకే ఫైలు కాదు. ట్రాఫిక్ చలానా కట్టుమనియు, పీఎం కిసాన్ సొమ్ము వచ్చినదనియు, బ్యాంకు కేవైసీ ముగియుచున్నదనియు, పెండ్లి శుభలేఖ చూడుమనియు వాట్సాప్‌లో వచ్చు ఏపీకేలను గూర్చి మన పోలీసులు తరచుగా హెచ్చరించుచునే యున్నారు. ఏపీకే యనగా ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను నిలుపు, జిప్ వంటి మూటయే. విప్పినచో అందు మ్యానిఫెస్టు అను పత్ర ముండును, ఆ యాప్ ఫోనునుండి ఏయే అనుమతులు కోరునో అందు వ్రాసి యుండును. పెండ్లి శుభలేఖకు ఎస్ఎంఎస్‌లు చదువు అనుమతి యెందుకు? బ్యాంకు పంపు ఓటీపీని దొంగిలించుటకు. ఇట్టివానిలో కొన్ని, దొంగిలించిన సందేశములను పంపవలసిన ఫోను నంబరును గూడ కోడ్‌లోనే వ్రాసి యుంచుకొనును. ఇంటరు చదివిన పిల్లవాడైనను ఒక పూటలో చదివి తెలిసికొనగల సంగతు లివి.

కాని సొమ్ము పోయిన వ్యక్తి మొదట చేయునది, బెదరి ఆ సందేశమును, ఫైలును తుడిచివేయుట. కొందరికి ఇంటివారు తిట్టుదురను భయము గూడ తోడగును. చేయవలసినది ఇంటర్నెట్‌ను ఆపి, వెంటనే సైబర్ నేరముల ఫిర్యాదు నంబరగు 1930కు ఫోను చేసి, వచ్చిన సందేశమును అట్లే యుంచి, మరల దానిని ముట్టక, ఫిర్యాదుతో పాటు పోలీసులకు చూపుట. ఆ ఫైలు హ్యాష్, అందు దొరకిన నంబరు, కోరిన అనుమతుల పట్టిక ఒకచోట నమోదై, పేరు మార్చి మరియొక వేషముతో అదే కోడ్ వచ్చినప్పుడు పోల్చి చూచువా డుండినచో, శ్రీకాకుళమున శుభలేఖగా వచ్చినదియు, నిజామాబాదున చలానాగా వచ్చినదియు ఒకే ముఠా పనియా కాదా యని తేల్చుటకు రెండు ఫైళ్ళను ప్రక్కప్రక్కన పెట్టుట చాలును.